హిజ్కియా కాలాన్ని పిల్లలకు ఫోన్, ప్రొజెక్టర్‌తో ఎలా చూపించాలి

సండే స్కూల్లో టెక్నాలజీ అనగానే చాలామందికి తట్టేది యూట్యూబ్ కార్టూన్. ప్రొజెక్టర్ ఆన్ చేసి ఇరవై నిమిషాల యానిమేషన్ కథ వేసేస్తే పిల్లలు కదలకుండా కూర్చుంటారు, టీచరుకీ కాస్త ఊపిరి ఆడుతుంది. అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ కార్టూన్లో యెరూషలేము ఎలా ఉంటుందో నీనెవె కూడా అలాగే ఉంటుంది. రాజులందరికీ ఒకే కిరీటం, ఒకే గడ్డం. చూసిన పిల్లలకు బైబిల్లోని ఊళ్లన్నీ "అనగనగా ఒక ఊరు" అయిపోతాయి. ఆ ఊళ్లు ఇప్పటికీ మ్యాపులో కనిపిస్తాయని, వాటి రాళ్లు మ్యూజియాల్లో ఉన్నాయని, మనం కూర్చున్నచోటు నుంచే వాటిని కొలవొచ్చని చూపించడానికి కూడా అదే ఫోన్, అదే ప్రొజెక్టర్ చాలు.

దీనికి ఒకే కథ తీసుకుందాం: క్రీ.పూ. 701లో అష్షూరు (అస్సీరియా) రాజు సన్హెరీబు యూదా మీద చేసిన దండయాత్ర, అప్పుడు యెరూషలేములో ఉన్న యూదా రాజు హిజ్కియా. బైబిల్లో ఇది మూడు చోట్ల ఉంది: రెండవ రాజులు 18–20 అధ్యాయాలు, రెండవ దినవృత్తాంతములు 32, యెషయా 36–39. దాడి చేసినవాడు రాయించుకున్న మట్టి శాసనం దొరికింది, వాడి కొలువులోని గోడల మీద చెక్కించుకున్న బొమ్మలు దొరికాయి, యెరూషలేము కొండ కింద సొరంగం నేటికీ ఉంది. ఇన్ని వైపుల నుంచి చూడగలిగే పాత నిబంధన కథలు చాలా తక్కువ. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు నాలుగు ఆదివారాలు పడుతుంది. వేసవి సెలవుల బైబిల్ బడికి (వీబీఎస్) అయితే నాలుగు రోజులు సరిపెట్టుకోవచ్చు.

శనివారం రాత్రే చేసుకోవాల్సినవి

కావలసినవి ఒక స్మార్ట్‌ఫోన్ లేదా ల్యాప్‌టాప్, చర్చిలో పాటల లిరిక్స్ వేసే ప్రొజెక్టర్ లేదా టీవీ, కొలత టేపు, కాస్త బంకమట్టి. ప్రభుత్వ బడిలో క్లాసు తీసుకుంటున్నవాళ్లకు ఐఎఫ్‌పి ప్యానెల్ (గోడకు ఉండే పెద్ద టచ్ స్క్రీన్) ఉంటే ఇంకా సుఖం, వేలితోనే జూమ్ చేయొచ్చు.

క్లాసులో నెట్ వస్తుందని నమ్మకం పెట్టుకోకండి. ఫొటోలన్నీ ముందే డౌన్‌లోడ్ చేసి, చూపించే వరసలో 1, 2, 3 అని పేర్లు పెట్టి ఒక ఫోల్డర్లో వేసుకోండి. గూగుల్ ఎర్త్‌కి మాత్రం నెట్ కావాలి కాబట్టి, ఇంట్లో వైఫై ఉన్నప్పుడే మీరు చూపించాలనుకున్న ప్రయాణమంతా స్క్రీన్ రికార్డింగ్ చేసి పెట్టుకోండి. సిగ్నల్ ఉంటే లైవ్, లేకపోతే రికార్డింగ్.

ఉదయం పూట చర్చి హాల్లో వెలుతురు ఎక్కువగా ఉంటుంది, ప్రొజెక్టర్ బొమ్మ వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. కర్టెన్లు లేకపోతే ముఖ్యమైన రెండు ఫొటోలు జిరాక్స్ షాపులో ఏ3 సైజులో కలర్ ప్రింట్ తీయించండి. ఫోన్ని తెరకు కలిపే ముందు నోటిఫికేషన్లు ఆపేయండి. లేకపోతే నీనెవె గోడ మీద మీ ఫ్యామిలీ గ్రూపు మెసేజ్ వచ్చి వాలుతుంది, ఆ తర్వాత పిల్లల్ని మళ్లీ అష్షూరుకు లాక్కురావడం మీ వల్ల కాదు.

మొదటి వారం: దారి కొలవడం

గూగుల్ ఎర్త్‌ని మీ ఊరి దగ్గర మొదలుపెట్టండి. ముందు చర్చి కప్పు చూపించండి, తర్వాత ఎవరో ఒకరి ఇల్లు. "మా అమ్మమ్మ వాళ్ల ఊరు చూపించండి టీచర్" అంటారు, తప్పదు. ఆ ముచ్చట ఒకటి రెండు నిమిషాల్లో తీర్చేసి, భూగోళం గుండ్రంగా కనిపించేంత వెనక్కి లాగి, పడమటికి తిప్పండి. అరేబియా సముద్రం, అరేబియా ఎడారి దాటి యెరూషలేము దగ్గర దించండి.

ఇప్పుడు నాలుగు చోట్ల గుర్తులు పెట్టాలి. ఒకటి సన్హెరీబు రాజధాని నీనెవె: ఇరాక్‌లోని మోసుల్ నగరంలో, టైగ్రిస్ నదికి తూర్పు ఒడ్డున. దగ్గరికి వెళ్తే పాత కోటగోడ గీత నేటి ఇళ్ల మధ్య స్పష్టంగా కనిపిస్తుంది. చుట్టుకొలత సుమారు 12 కిలోమీటర్లు. ఆ గీతను పిల్లల చేత వేలితో గీయించండి. రెండోది లెబనాన్ తీరంలోని సీదోను. మూడోది సన్హెరీబు ముట్టడించిన యూదా పట్టణం లాకీషు, దీన్ని "టెల్ లాకీష్" అని వెతకాలి. నాలుగోది యెరూషలేము.

స్కేలు గుర్తు ఉన్న టూల్‌తో నీనెవె నుంచి లాకీషుకు తిన్నగా గీత గీస్తే సుమారు 930 కిలోమీటర్లు వస్తుంది. ఇక్కడ ఆగి ఒక్క ప్రశ్న అడగండి: "సైన్యం ఈ గీత మీదే నడిచి వచ్చిందా?" చాలామంది అవునంటారు. గీత కింద ఏముందో దగ్గరికి వెళ్లి చూడమనండి. మైళ్ల కొద్దీ గోధుమరంగు ఎడారి. గుర్రాలకు నీళ్లేవి, ఎద్దులకు మేతేది? ఎవరో ఒకరు "నది పక్కనుంచి రావాలి" అంటారు. సరిగ్గా ఆ మాట కోసమే మీరు ఎదురుచూడాలి. యూఫ్రటీసు వైపు ఎగువకు వెళ్లి, పడమటి సముద్రతీరం చేరి, తీరం వెంట కిందికి దిగేలా కొత్త గీత గీయించండి. తాను ముందు సీదోను మీదికి వచ్చానని సన్హెరీబు కూడా తన శాసనంలో రాయించుకున్నాడు. గీత వంగేకొద్దీ కిలోమీటర్లు పెరగడం పిల్లలే చూస్తారు. రోజుకు 25 కిలోమీటర్లు నడిచారనుకుని ఎన్నాళ్లు పట్టిందో లెక్క వేయమనండి. అబ్రాహాము "ఊరు" అనే పట్టణం నుంచి కనానుకు సూటిగా రాకుండా హారాను మీదుగా ఎందుకు వచ్చాడన్నది వేరే చెప్పక్కర్లేదు, వాళ్లకే వెలుగుతుంది.

చివరగా లాకీషు నుంచి యెరూషలేముకు. ఇది సుమారు 40 కిలోమీటర్లే, ఈశాన్యంగా. స్క్రీన్ కింద మూలన సముద్రమట్టం నుంచి ఎత్తు కనిపిస్తుంది. రెండు చోట్లా ఆ అంకె చదివించి, ఎంత ఎక్కాలో తీసివేత చేయించండి.

రెండో వారం: గోడ మీది బొమ్మ

నాలుగింటిలో నాకు బాగా ఇష్టమైన క్లాసు ఇదే. తొందరపడకండి.

నీనెవెలో సన్హెరీబు కొలువులో ఒక గది గోడల నిండా లాకీషు ముట్టడిని రాతి పలకల మీద చెక్కించారు. 19వ శతాబ్దం మధ్యలో హెన్రీ లేయార్డ్ తవ్వకాల్లో అవి బయటపడ్డాయి. ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మ్యూజియం వెబ్‌సైట్‌లో, వికీమీడియా కామన్స్‌లో మంచి ఫొటోలు దొరుకుతాయి. పెద్ద సైజువే దించుకోండి, చిన్నవి జూమ్ చేస్తే మసకబారతాయి.

ముందే ఒక మాట. ఆ పలకల్లో ఖైదీలను కొరత వేయడం, చర్మం ఒలవడం కూడా ఉంటుంది. చిన్నపిల్లల క్లాసు అయితే ఆ భాగాలను శనివారమే క్రాప్ చేసేయండి. క్లాసులో జూమ్ చేస్తూ పొరపాటున అక్కడికి వెళ్తే తర్వాత ఆపలేరు. పదో తరగతి వయసువాళ్లకు మాత్రం దాచకుండా చెప్పొచ్చు. అష్షూరు రాజులు ఇలాంటివి గొప్పగా చూపించుకునేవారని తెలిస్తేనే యెరూషలేము కోటగోడ మీద నిలబడ్డవాళ్ల భయం అర్థమవుతుంది.

పలకల వరసను ఎడమ నుంచి కుడికి కామిక్ పుస్తకంలా చదవాలి. ముందు పూర్తి బొమ్మ వేసి, మీరు ఏమీ మాట్లాడకుండా ఒక నిమిషం ఊరుకోండి. టీచర్లకు ఇది కష్టమే. తర్వాత "ఏం కనిపిస్తోంది?" అని మాత్రం అడగండి. చెప్పినవన్నీ బోర్డు మీద రాయండి, తప్పయినా సరే.

అప్పుడు జూమ్. కోట మీదికి ఏటవాలుగా వేసిన దారులు, వాటి మీద చక్రాల బండ్లు. బండి ముందు పొడుచుకొచ్చిన పొడవాటి దూలం గోడను పొడవడానికి. పైనుంచి లాకీషువాళ్లు మండుతున్న కాగడాలు విసురుతున్నారు. ఇప్పుడు ఒక బండి మీదికి ఇంకా దగ్గరగా వెళ్లండి. దాని మీద ఒక సైనికుడు పొడవాటి గరిటె పట్టుకుని నీళ్లు పోస్తున్నాడు, బండి అంటుకోకుండా. ఈ గరిటె మనిషిని మీరు చూపించకండి. "ఇక్కడ ఒకడు విచిత్రమైన పని చేస్తున్నాడు, ఎవరు కనిపెడతారు?" అనండి. కనిపెట్టిన పిల్లాడు ఇంటికెళ్లి అదే చెబుతాడు.

ఇంకా కుడివైపుకి జరిపితే ఊరు వదిలి పోతున్న కుటుంబాలు. ఎడ్లబండి మీద మూటలు, వాటి మీద కూర్చున్నవాళ్లు. తల మీది నుంచి కాళ్ల దాకా వేలాడే ముసుగు వేసుకున్న ఆడవాళ్లు. పిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టించండి. మూటల్లో ఏముండొచ్చో ఊహించి ఒక్కొక్కరు ఒక వస్తువు చెప్పాలి. చివర సింహాసనం మీద సన్హెరీబు. అతని ముఖం చెక్కేసి ఉంటుంది. ఎవరు చెక్కేశారని అడిగేవాళ్లు ఉంటారు. క్రీ.పూ. 612లో నీనెవె బబులోనువాళ్ల, మాదీయుల చేతిలో పడిపోయింది. అప్పుడే ఎవరో పగ తీర్చుకుని ఉంటారని పండితుల అంచనా. అంచనా అన్న మాట వదలకుండా చెప్పండి.

ఆ తర్వాత మొదటి వారం చూసిన టెల్ లాకీష్‌ని మళ్లీ తెరవండి. అష్షూరువాళ్లు రాళ్లు పోసి కట్టిన ఆ ఏటవాలు దారి ఆ దిబ్బ నైరుతి మూలన నిజంగానే ఉంది. తవ్వకాల్లో అక్కడ వందల బాణపు మొనలు, వడిసెల రాళ్లు దొరికాయి. ఒకే తెర మీద సగం రాతి బొమ్మ, సగం శాటిలైట్ ఫొటో పక్కపక్కన పెట్టగలిగితే పిల్లలు కాసేపు మాట్లాడరు. ఫోన్లో స్ప్లిట్ స్క్రీన్ రాకపోతే రెండు ఫొటోలు కలిపి కొలాజ్ చేసి పెట్టుకోండి.

మూడో వారం: అదే యుద్ధం, అవతలివాడి మాట

సన్హెరీబు తన దండయాత్రల గురించి ఆరు ముఖాల మట్టి స్తంభం మీద రాయించాడు. దాదాపు ఒకే పాఠం ఉన్నవి మూడు దొరికాయి: లండన్‌లో ఒకటి, షికాగోలో ఒకటి, యెరూషలేములో ఒకటి. లండన్‌ది 38 సెంటీమీటర్ల ఎత్తు. మ్యూజియం ఫొటోల్లో వస్తువు సైజు తెలియదు, అందుకని ఇలా చేయండి. ఒక పిల్లాడిని స్కేలు పట్టుకుని తెర దగ్గర నిలబెట్టండి. బొమ్మ సరిగ్గా 38 సెంటీమీటర్లు అయ్యేదాకా మీరు జూమ్ తగ్గించండి, పెంచండి. "ఇంతేనా?" అంటారు. అక్షరాలు ఎంత చిన్నవో అప్పుడు తెలుస్తుంది.

బంకమట్టి అప్పడాల్లా ఒత్తించి, ఐస్‌క్రీమ్ పుల్లను కోణంగా కత్తిరించి ఇస్తే, దాని మూలతో నొక్కి మేకుల లాంటి గుర్తులు వేస్తారు. గదిలో లైట్లు తీసేసి ఫోన్ టార్చ్‌ను పైనుంచి వేయండి, ఏమీ కనిపించదు. అదే టార్చ్‌ను బల్లకు ఆనించి పక్కనుంచి వేయండి. ప్రతి నొక్కులోనూ నీడ పడి గుర్తులన్నీ లేచి నిలబడతాయి. అరిగిపోయిన శాసనాలను చదవడానికి పండితులు చేసేదీ ఇదే, వెలుగును అనేక కోణాల నుంచి వేసి ఫొటోలు తీసి కంప్యూటర్లో కలుపుతారు. పిల్లల పలకలను ఇలాగే ఫొటో తీసి తెర మీద వేయండి.

ఇక పాఠం. బోర్డును రెండు భాగాలు చేయండి. ఎడమవైపు సన్హెరీబు: 46 కోటలు పట్టుకున్నాను, హిజ్కియాను యెరూషలేములో పంజరంలో పిట్టలా బంధించాను, 30 తలాంతుల (తలాంతు అంటే ఆనాటి తూకం) బంగారం, 800 తలాంతుల వెండి తీసుకున్నాను. కుడివైపు రెండవ రాజులు 18: బంగారం అదే 30, వెండి 300. మీ తెలుగు బైబిల్లో ఇది మణుగుల లెక్కలో ఉంటే అంకెలు వేరుగా ఉంటాయి, ముందే చూసి పెట్టుకోండి. లేకపోతే చురుకైన పిల్ల ఒకతి లేచి అడుగుతుంది. శాసనంలో లేనిదేమిటో కూడా వెతికించండి. యెరూషలేమును పట్టుకున్నానని సన్హెరీబు ఎక్కడా అనలేదు. లాకీషు పేరు ఈ శాసనంలో లేదు, గోడ బొమ్మ పక్కన మాత్రం ఉంది. సైన్యం ఎందుకు వెనుదిరిగిందో బైబిల్ చెబుతుంది, ఆయన చెప్పడు.

సమయం మిగిలితే ఫోన్ వాయిస్ రికార్డర్‌తో ఒక ఆట. సన్హెరీబు పంపిన అధికారి రబ్షాకే యెరూషలేము గోడ దగ్గర నిలబడి యూదుల భాషలోనే గట్టిగా బెదిరిస్తుంటే, "అరామిక్‌లో మాట్లాడు, గోడ మీద జనం వింటున్నారు" అని హిజ్కియా అధికారులు బతిమాలతారు. ఆ సీన్‌ను న్యూస్ చానల్ లైవ్‌లా చేయించండి. "బ్రేకింగ్ న్యూస్" అని ఎవరూ నేర్పకుండానే అరుస్తారు.

నాలుగో వారం: సొరంగం

శత్రువుకు నీళ్లు దొరక్కూడదని హిజ్కియా ఊరి బయటి ఊటలు మూయించాడని, గీహోను నీటిని లోపలికి మళ్లించాడని రెండవ దినవృత్తాంతములు 32 చెబుతుంది. గీహోను ఊట నుంచి సిలోయము కోనేటిదాకా రాతిలో తొలిచిన ఆ సొరంగంలో ఇప్పటికీ నీళ్లు పారుతున్నాయి. పర్యాటకులు అందులో నడుస్తారు. అలా నడిచినవాళ్ల వీడియో ఒకటి, రెండు నిమిషాలకు మించకుండా, సౌండ్ తీసేసి చూపించండి. వాళ్ల మాటల కంటే చీకటి ముఖ్యం.

గూగుల్ ఎర్త్‌లో ఊట నుంచి కోనేటికి తిన్నగా కొలిస్తే 320 మీటర్లు, అటూ ఇటూ. సొరంగం పొడవు మాత్రం 533 మీటర్లు. పాములా వంకర తిరిగి వెళ్తుంది. ఎందుకలా వంకరగా తొలిచారన్నది పండితులు నేటికీ వాదించుకుంటున్న ప్రశ్న, పిల్లల వాదనలకూ చోటివ్వండి. ఒక చివర నుంచి ఇంకో చివరకు వాలు 30 సెంటీమీటర్లే. మీ హాల్లో ఒక స్కేలు నిలబెట్టి "అరకిలోమీటరుకు ఇంత దిగాలి" అని చూపించండి.

రెండు జట్లు రెండు వైపుల నుంచి తొలుచుకుంటూ వచ్చాయని చెప్పే శాసనం సొరంగం గోడ మీదే ఉండేది. 1880లో నీళ్లలో నడుస్తున్న ఒక కుర్రాడి కంటపడింది. ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. ఆరు వరసల ఆ రాతలో రాజు పేరు లేదు. ఉన్నది పనివాళ్ల సంగతి: ఇంకా మూడు మూరల రాయి మిగిలుండగా అవతలివాడు పిలుస్తున్న గొంతు ఇవతలివాడికి వినిపించిందట. పెద్దపిల్లలకు ఇది నిజాయితీగా చెప్పండి, హిజ్కియా పేరు ఈ రాయి మీద లేదని, బైబిల్ వాక్యం, అక్షరాల తీరు, కాలం కలిపి చూసే అతని సొరంగం అంటున్నారని.

శాసనం సొరంగం పొడవు 1200 మూరలు అంటుంది. 533 మీటర్లను 1200తో భాగిస్తే ఎంత? ఫోన్ కాలిక్యులేటర్ ఒకరికివ్వండి. 44 సెంటీమీటర్ల పైన వస్తుంది. ఇప్పుడు టేపు తీసి అందరి మోచేతి నుంచి వేలి కొస దాకా కొలవండి. మీదీ, పాస్టరు గారిదీ కూడా. పేరు, కొలత వరసగా స్ప్రెడ్‌షీట్లో ఎక్కించి గ్రాఫ్ తెర మీద వేస్తే ఎవరి మూర 2,700 ఏళ్ల నాటి మూరకు దగ్గరగా ఉందో తేలిపోతుంది. ఈ పోటీకి వచ్చే గోల ఏ క్విజ్ యాప్‌కీ రాదు. అసలు క్విజ్ యాప్‌లతో నాకు పెద్దగా పొసగదు. ఎవరు ముందు బటన్ నొక్కారన్నదే గుర్తుంటుంది, ప్రశ్న గుర్తుండదు.

ఏఐ బొమ్మల సంగతి

"ప్రాచీన యెరూషలేము" అని టైప్ చేస్తే ఏఐ యాప్ క్షణంలో అద్భుతమైన బొమ్మ ఇస్తుంది. అందులో తర్వాతి శతాబ్దాల గుమ్మటాలు, రోమన్ స్తంభాలు హిజ్కియా కాలంలోకి వచ్చేస్తాయి. మీకే తేడా తెలియదు, పిల్లలకేం తెలుస్తుంది? నా పద్ధతి ఒక్కటే. ఏఐ బొమ్మను పాఠం చివర మాత్రమే చూపించి, తప్పులు పట్టమంటాను. లాకీషు గోడ బొమ్మ చూసి వచ్చిన పిల్లలు రథాలు, బట్టలు, కోటగోడలు చూసి టకటకా పట్టేస్తారు. యూట్యూబ్‌లో "నోవహు ఓడ దొరికింది", "ఫరో రథచక్రాలు దొరికాయి" అంటూ వచ్చే వీడియోలను క్లాసులోకి రానివ్వకండి. వస్తువు ఏ మ్యూజియంలో ఉందో, ఎవరు తవ్వారో చెప్పని వీడియో వదిలేయండి.

ఇదే వరసను మిషన్ స్కూల్లో చరిత్ర టీచరు కూడా వాడుకోవచ్చు. అన్ని మతాల పిల్లలూ ఉండే క్లాసులో బైబిల్ పాఠాన్ని, అష్షూరు శాసనాన్ని రెండు ఆధారాలుగా పక్కపక్కన పెట్టి చదివించండి చాలు, ప్రసంగం అక్కర్లేదు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో తెలుగు చర్చి పిల్లలైతే తెలుగు బైబిల్ చదవడం కష్టం కావచ్చు. వాక్యాన్ని మీరు చదివి రికార్డు చేసి పంపితే ఇంట్లో విని వస్తారు.

నాలుగు వారాలు అయ్యాక ఇంకొకటి కావాలంటే మంచి సమరయుని కథ తీసుకోండి. ఎర్త్‌లో యెరూషలేము నుంచి యెరికో దాకా గీత గీసి, దారి పొడవునా ఎత్తు అంకె చదివించండి. సముద్రమట్టానికి 700 మీటర్ల పైన మొదలై, సున్నా దాటి మైనస్‌లోకి పోతుంది. "దిగి వెళ్లుచు" అని లూకా ఎందుకు రాశాడో ఆ మైనస్ గుర్తే చెబుతుంది. దీనికీ శనివారమే స్క్రీన్ రికార్డింగ్ చేసి పెట్టుకోండి.